ఆస్బెస్టాస్ కలిసిన మట్టిని తొలగించేటప్పుడు

మట్టిలో కలిసిన ఆస్బెస్టాస్ కదలకుండా ఉన్నంతకాలం దాని వల్ల పెద్దగా హాని ఉండదు. పార దిగినప్పుడు, టిప్పర్ చక్రం నలిపినప్పుడు, ఎండిన నేల మీద గాలి విసిరినప్పుడు అందులోని సన్నని పోగులు విడివడి పైకి లేస్తాయి. ప్రమాదమంతా అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఇలాంటి నేలను శుభ్రం చేసే పనిలో జాగ్రత్తలన్నిటికీ లక్ష్యం ఒకటే: దుమ్ము లేవకూడదు, లేచినా మనిషి పీల్చకూడదు, పీల్చకపోయినా ఒంటికి అంటుకుని ఇంటికి చేరకూడదు. వీటి వరుస కూడా ముఖ్యమే. మాస్కు ఉంది కదా అని దుమ్ము రేపడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు.

ఆస్బెస్టాస్ అనేది ఒక్క ఖనిజం కాదు. ఆరు రకాల ఖనిజాలకు కలిపి వాడే పేరు. సిమెంటు రేకుల తయారీలో ఎక్కువగా వాడేది తెల్లరకమైన క్రిసోటైల్. నీలి రకం క్రోసిడొలైట్, గోధుమ రంగు అమోసైట్, ట్రెమొలైట్ వంటివి మరో కుటుంబానికి చెందినవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆరింటినీ మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగానే వర్గీకరించింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు లేదా పొట్టలోని పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఈ పోగుల వల్ల వచ్చే ప్రధాన వ్యాధులు. ఇవి బయటపడడానికి చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పని చేసిన రోజున దగ్గు రాదు, కళ్లు మండవు, వాసన తెలియదు. ఒంటికి ఏమీ తెలియకపోవడం వల్లే ఈ పనిలో నిర్లక్ష్యం సులువుగా చొరబడుతుంది. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు పెరుగుతుంది.

ఇలాంటి మట్టి ఎక్కడో గనుల దగ్గరే ఉంటుందనుకోవడం పొరపాటు. తెలుగు రాష్ట్రాల్లో పాత రైసుమిల్లులు, గోదాములు, కోళ్లషెడ్లు, పశువుల పాకలు, వేలాది ఇళ్లు సిమెంటు రేకుల కప్పు కిందే ఉన్నాయి. కప్పు కూల్చినప్పుడు, తుపానుకు రేకులు ఎగిరి పడినప్పుడు ముక్కలు నేలలో కలిసిపోతాయి. అగ్నిప్రమాదంలో సిమెంటు రేకులు పటపటమని పేలి చాలా దూరం చెదురుతాయి. పగిలిన రేకులను గుంతలు పూడ్చడానికి, చిత్తడి దారి గట్టిపడడానికి వేయడం ఊళ్లలో మామూలే. పాతికేళ్ల తర్వాత అదే స్థలంలో ఇంటికి పునాది తీసేవారికి ఆ సంగతి తెలియదు. గనుల సమస్య వేరే స్థాయిది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ తవ్వేవారు. జార్ఖండ్‌లోని చాయిబాసా దగ్గర రోరో కొండల మీద 1983లో మూతపడిన గని వ్యర్థాలు వాలు దిగి కింది పొలాల దాకా జారాయి. దేశంలో ఆస్బెస్టాస్ తవ్వకం ఆగిపోయినా, దిగుమతి చేసుకున్న తెల్ల ఆస్బెస్టాస్‌తో రేకుల తయారీ మాత్రం సాగుతూనే ఉంది.

నేలను శుభ్రం చేసే పనికి ప్రపంచంలో ఎక్కువగా పాఠాలు నేర్పిన ఊరు అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న లిబ్బీ. అక్కడి గని నుంచి తీసిన వర్మిక్యులైట్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఊరివాళ్లు దాన్ని తోటల మట్టిలో కలిపారు, అటకల్లో నింపారు. గని వ్యర్థాలు బడిలోని పరుగు బాటలకు కూడా చేరాయి. గని 1990లో మూతపడింది. పత్రికల్లో కథనాలు రావడంతో 1999 నవంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఊళ్లో దిగింది. 2009లో అక్కడ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2,600కు పైగా ఇళ్లు, స్థలాలు శుభ్రం చేసి, పది లక్షల ఘనగజాలకు మించిన మట్టిని తరలించారు. మట్టిలో ఎంత శాతం ఆస్బెస్టాస్ ఉందో తెలిస్తే సరిపోదని అక్కడ గట్టిగా అర్థమైంది. అందుకే రక్షణ దుస్తుల్లో ఉన్న సిబ్బంది పెరట్లో మట్టి తవ్వి, ఆకులు గీకి, గడ్డి కోసి, ఆ సమయంలో ఊపిరి పీల్చే ఎత్తులో గాలిని పట్టి పరీక్షించారు. అసలు ప్రశ్న మట్టిలో ఎంత ఉందని కాదు, దాని మీద మనిషి పని చేస్తే గాలిలోకి ఎంత వస్తుందని.

దీనికి ఆధారం అంతకుముందే ఉంది. ఎడిన్‌బరోలోని వృత్తి ఆరోగ్య సంస్థ 1988లో మట్టితో చేసిన ప్రయోగాల్లో, బరువులో 0.001 శాతం మాత్రమే ఆస్బెస్టాస్ ఉన్న పొడిమట్టి నుంచి కూడా దట్టమైన దుమ్ము లేస్తే మిల్లీలీటరు గాలిలో 0.1 పోగును మించే స్థాయి రావచ్చని తేలింది. అంటే లక్ష కిలోల మట్టిలో కిలో ఆస్బెస్టాస్. అదే మట్టి తడిగా ఉంటే లేచే పోగుల సంఖ్య బాగా పడిపోతుంది. ఈ రెండు సంగతులూ మనసులో ఉంటే మిగిలిన జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి.

పని మొదలుపెట్టే ముందు నేలలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. స్థలం చరిత్ర అడగాలి: ఇక్కడ ఏ షెడ్డు ఉండేది, ఎప్పుడు కూల్చారు, పాత రేకులు ఎటు పోయాయి? ఊళ్లో పెద్దవాళ్లు, పాత మేస్త్రీలు కాగితాల కంటే ఎక్కువ చెప్పగలరు. తర్వాత నేలను గళ్లుగా విభజించి నెమ్మదిగా నడుస్తూ చూడాలి. సిమెంటు రేకు ముక్క బూడిదరంగులో అలలుగా వంపు తిరిగి ఉంటుంది. ఎండావానలు తిన్న పై ముఖం గరుకుగా, కొన్నిచోట్ల నాచుపట్టి నల్లగా కనిపిస్తుంది. విరిగిన అంచు మీద నూగులాగా తెల్లటి పోగులు పొడుచుకొచ్చి ఉంటాయి. అయితే ఆస్బెస్టాస్ లేని రేకులూ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి కాబట్టి కంటితో తేల్చడం కుదరదు. ముక్కను తడిపి, చేతొడుగుతో తీసి, జిప్ ఉన్న రెండు సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి ప్రయోగశాలకు పంపాలి. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద ఏ రకమో తెలుస్తుంది. పరీక్ష కోసం ముక్కను అక్కడే విరచడం, గోకడం, వాసన చూడడం చేయకూడదు.

దొరికిన పదార్థం గట్టిదా, పొడిగా రాలిపోయేదా అన్నది పని తీరును మార్చేస్తుంది. సిమెంటులో బిగిసి ఉన్న రేకు ముక్క కొంత నయం. బాయిలర్ గొట్టాలకు చుట్టిన పాత ఇన్సులేషన్, ఆస్బెస్టాస్ తాళ్లు, గుడ్డలు, ఫ్యాక్టరీ పొడి వంటివి వేళ్ల మధ్యే నలిగిపోతాయి. అలాంటివి కనిపిస్తే మామూలు కూలీలతో చేయించే పని అక్కడితో ఆపేయాలి. శిక్షణ, పరికరాలు ఉన్నవారికే అప్పగించాలి. ఆస్ట్రేలియాలో నివాస స్థలాల మట్టికి పెట్టిన తొలి తనిఖీ హద్దులు కూడా ఈ తేడానే చూపిస్తాయి: సిమెంటులో బిగిసిన ఆస్బెస్టాస్‌కు 0.01 శాతం, విడి పోగులకు 0.001 శాతం.

తవ్వడమే అన్నివేళలా మంచి పరిష్కారం కాదు. లోతున ఉన్న వ్యర్థాన్ని, ఎవరూ తవ్వని చోట, పైన గుడ్డపొర పరిచి శుభ్రమైన మట్టి కప్పి వదిలేస్తే చాలాసార్లు ప్రమాదం తక్కువ. ముక్కలు పైపైనే ఉంటే చేత్తో ఏరడం సరిపోతుంది. ఆస్ట్రేలియాలో దీనికి స్థిరపడిన పద్ధతి ఉంది: మనుషులు పక్కపక్కనే వరుసగా నిలబడి, దంతెతో నేలను గీకుతూ ముక్కలు ఏరుతూ ముందుకు నడుస్తారు. ఒకసారి ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే, రెండోసారి దానికి అడ్డంగా తూర్పు నుంచి పడమరకు నడుస్తారు. ఒక దిక్కున వెలుతురు పడక కనపడని ముక్క రెండో దిక్కున కనపడుతుంది. నేలంతా పొడిగా నలిగిన ముక్కలు, విడి పోగులు ఉన్నప్పుడే మట్టిని పెళ్లగించి తరలించాలి. ఈ మూడు పద్ధతుల్లో ఏది చేయాలో తేలాకే జేసీబీని పిలవాలి. మన దగ్గర తరచూ జరిగేది దీనికి తలకిందులు. ముందు యంత్రం వస్తుంది, ముక్కలన్నీ దాని చక్రాల కింద పిండి అవుతాయి, ఆ తర్వాత ఎవరో రేకుల సంగతి ఎత్తుతారు.

పని స్థలాన్ని మూడు భాగాలుగా చేయాలి: మట్టి ఉన్న చోటు, ఒంటిని శుభ్రం చేసుకునే చోటు, శుభ్రమైన చోటు. మొదటి దాని చుట్టూ తాడు కట్టి, తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. పనివాళ్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారైతే వారి భాషలో కూడా పెట్టాలి. మిగిలిన రెండూ గాలి వచ్చే దిక్కున ఉండాలి. హద్దు లోపల తినడం, తాగడం, బీడీ కాల్చడం, పాన్ నమలడం ఏవీ ఉండకూడదు. గాలి బాగా వీచే రోజున తవ్వకం ఆపేయాలి. పిల్లలను వెంట తెచ్చుకునే కూలీ కుటుంబాల కోసం పని మొదలయ్యే ముందే దూరంగా వేరే ఏర్పాటు చేయాలి. లేదంటే పిల్లలు తాడు దాటి మట్టికుప్ప మీదే ఆడుకుంటారు.

ఇక నీళ్లు. దుమ్మును అణిచే సాధనాల్లో దీన్ని మించింది లేదు, కానీ దీన్ని వాడడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గొట్టంతో గట్టిగా కొడితే ఆ తాకిడికే పొడి ఎగురుతుంది, చిందిన బురద గోడలకు అంటుకుని ఎండాక మళ్లీ దుమ్మవుతుంది. సన్నని తుంపరగా చల్లాలి. నీళ్లలో కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం కలిపితే నీరు పోగుల మధ్యకు త్వరగా దిగుతుంది. పని మొదలవడానికి ముందే మట్టి నానాలి. పై రెండంగుళాలు తడిచి కింద పొడిగా ఉంటే పలుగు దిగగానే దుమ్ము లేస్తుంది. అందుకే ఒక పొర తడపడం, ఆ పొర తీయడం, బయటపడిన కొత్త పొరను మళ్లీ తడపడం, ఇలా సాగాలి. వేసవిలో తడి అరగంటలో ఆరిపోతుంది. ఒక మనిషి పూర్తిగా ఈ పని మీదే ఉండాలి, వేరే పని చెప్పకూడదు. నీళ్లు మరీ ఎక్కువైతే పారి కాలువలో కలుస్తాయి. చుట్టూ చిన్న గట్టు వేసి వాటిని అక్కడే ఆపాలి.

యంత్రం వాడితే బకెట్‌ను నిండా నింపకూడదు, ఎత్తు నుంచి వదలకూడదు. టిప్పర్ తొట్టిలోకి దించి మెల్లగా ఒంపాలి. డ్రైవరు క్యాబిన్ అద్దాలు మూసి ఉండాలి. దిగాల్సివస్తుంది కాబట్టి అతనికీ మాస్కు, దుస్తులు ఉండాలి. యంత్రం తవ్విన మట్టి మీద నడవకుండా శుభ్రమైన నేల మీదే నిలిచేలా తవ్వే వరుసను ముందే నిర్ణయించాలి. ఎండిన మట్టిని జల్లెడ పట్టడం, ముక్కలను చిన్నగా కొట్టడం పూర్తిగా నిషిద్ధం. చీపురుతో ఊడవడం, గాలి గొట్టంతో ఊదడం కూడా అంతే. ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్ సన్నని పోగులను వెనక నుంచి గాలిలోకి వదిలేస్తుంది. హెపా ఫిల్టర్ ఉండి, ప్రమాదకర ధూళి కోసమే తయారైన రకమే వాడాలి. తవ్వకంలో సహజంగా ఉండే ప్రమాదాలు, అంటే గోతి అంచు కూలడం, భూమిలోని కరెంటు తీగలు, ఇక్కడా ఉంటాయని మరచిపోకూడదు.

ఇన్ని చేశాక మిగిలే ముప్పు కోసమే మాస్కు. ముక్కుకు కట్టుకున్న తువాలు, సర్జికల్ మాస్కు ఈ పోగులను ఆపలేవు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటే, ఊపిరితిత్తుల్లోకి పోయే పోగు 3 మైక్రాన్ల కంటే సన్నం. వాడి పారేసే గుడ్డ మాస్కుల్లాంటి వాటిని ఆస్బెస్టాస్ పనికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. బ్రిటన్‌లో ఎఫ్ఎఫ్‌పీ3 స్థాయి కంటే తక్కువది పనికిరాదు. పీ3 లేదా పీ100 ఫిల్టర్లు బిగించిన రబ్బరు సగముఖం మాస్కును కనీస అవసరంగా పెట్టుకోవడం మంచిది. పొడిగా రాలే పదార్థం ఉంటే పూర్తి ముఖాన్ని కప్పేది కావాలి. ఏ మాస్కయినా ముఖానికి అతుక్కుంటేనే పని చేస్తుంది. రెండు రోజుల గడ్డం కూడా సందు చేస్తుంది కాబట్టి పనికి వచ్చేవారు రోజూ గీసుకోవాలి. తగిలించుకున్న ప్రతిసారీ ఫిల్టర్లను అరచేతులతో మూసి గాలి లోపలికి పీల్చాలి. మాస్కు ముఖం వైపు కొద్దిగా లోపలికి లాగినట్టయి అలాగే నిలబడితే సరి. బుగ్గ పక్కనుంచి చల్లగా గాలి తగిలితే సర్ది మళ్లీ చూడాలి.

ఒంటికి టోపీ ఉన్న, ఒకసారి వాడి పారేసే కవరాల్ కావాలి. టోపీ మాస్కు పట్టీల పైన రావాలి, కవరాల్ చేతులు చేతొడుగుల పైన రావాలి, దాని కాళ్లు బూట్ల పైన రావాలి. వాటిని బూట్లలోకి దోపితే పోగులు జారి అందులోనే చేరతాయి. లేసులున్న బూట్లు కడిగినా శుభ్రం కావు కనుక రబ్బరు గంబూట్లే సరైనవి. కవరాల్ కింద ఇంటి బట్టలు వేసుకోకూడదు.

ఈ ఏర్పాటు చల్లని దేశాల్లో తయారైంది. మేలో 42 డిగ్రీల ఎండలో ఇదే దుస్తుల్లో పార పట్టిన మనిషికి వడదెబ్బ ఆ రోజే రావచ్చు. ఊపిరాడక ఉక్కపోతకు అతను మాస్కు కిందికి లాగేస్తాడు. తప్పు అతనిది కాదు, పని వేళలు నిర్ణయించినవాడిది. కుదిరితే ఈ పనిని వానలు తగ్గాక, నేలలో ఇంకా చెమ్మ ఉన్న నెలలకు పెట్టుకోవాలి. వేసవిలో తప్పనిసరైతే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కకముందే ఆపాలి. నీళ్లు తాగాలంటే పూర్తిగా శుభ్రం చేసుకుని బయటికి రావాలి కాబట్టి ఒక్కో విడత చిన్నదిగా ఉండాలి. బయటికి రావడానికి పట్టే సమయానికి కూడా కూలి లెక్క కట్టాలి. అలా కట్టకపోతే మనుషులు దాహంతోనే పని చేస్తారు, లేదా లోపలే సీసా మూత తీస్తారు.

బయటికి వచ్చే క్రమంలో తొందరపడకూడదు. మొదట బూట్లను తొట్టిలో బ్రష్‌తో కడగాలి. కవరాల్‌ను తడిగుడ్డతో అద్దాలి, లేదా తుంపర పట్టించాలి. జిప్ తెరిచి టోపీని వెనక్కి తీసి, లోపలి ముఖం బయటికి వచ్చేలా భుజాల నుంచి కిందికి చుట్టుకుంటూ పోవాలి. చేతొడుగులు దానితోపాటే ఊడిపోతాయి. ఆ చుట్టను సంచిలో వేసే దాకా మాస్కు ముఖం మీదే ఉండాలి. మాస్కును అన్నిటికంటే చివర, స్నానంలో నీళ్లు పడుతుండగా తీయాలి. తల, గోళ్ల సందులు సబ్బుతో కడుక్కుని అవతలి వైపు నుంచి శుభ్రమైన బట్టల్లోకి వెళ్లాలి. పెద్ద పనుల్లో దీనికోసం మూడు గదుల బండి తెస్తారు. చిన్న పనికి టార్పాలిన్ గోడలతో రెండు గదులూ వాటి మధ్య నీళ్ల డ్రమ్మూ ఉన్నా క్రమం మారకూడదు. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని చేసినవారి బట్టలు ఇంట్లో ఉతికిన భార్యలకు, ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకున్న పిల్లలకు మీసోథీలియోమా వచ్చిన సంగతి వైద్యులు చాలా దేశాల్లో నమోదు చేశారు. ఏ గనిలోనూ అడుగుపెట్టని మనుషులు వాళ్లు. అందుకే వాడిన తువాలు, బట్టలు ఏవీ ఇంటికి పోకూడదు.

ముక్కలను, పారేసే దుస్తులను మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో రెండు వరసలుగా వేసి, మెడ మెలిపెట్టి టేపు చుట్టి, మీద ఆస్బెస్టాస్ అని రాయాలి. సంచిని నిండా నింపకూడదు. గాలి బయటికి పోయేలా నొక్కకూడదు, ఆ గాలితోపాటే పోగులూ వస్తాయి. మట్టిని టిప్పర్‌లో పంపితే తొట్టిలో ప్లాస్టిక్ పరిచి, తడిపి, పైన కప్పి కట్టాలి. బండి రోడ్డెక్కే ముందు చక్రాలు కడగాలి. ఎక్కడికి పంపాలన్నది సొంతంగా తేల్చుకునే విషయం కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పట్టికలో ఆస్బెస్టాస్ వ్యర్థాలు ఉన్నాయి. వాటి పారవేతకు భారత ప్రమాణం ఐఎస్ 11768 ఉంది. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రాలున్నాయి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి రాతపూర్వకంగా సూచన తీసుకుని పంపాలి. ఊరి చెరువు గట్టుకో, పక్క లేఅవుట్ నేల మెరకకో ఈ మట్టిని తోలడమంటే అదే సమస్యను ఏమీ తెలియని మరొకరి ముంగిట్లో పోయడమే.

పని జరుగుతున్నంతసేపూ గాలిని కొలవాలి. కాలరు దగ్గర బిగించిన ఫిల్టర్ గుండా చిన్న పంపు గాలిని లాగుతుంది. ఆ ఫిల్టర్‌ను సూక్ష్మదర్శిని కింద పెట్టి, 5 మైక్రాన్ల కంటే పొడవు, 3 మైక్రాన్ల కంటే సన్నం, వెడల్పుకు కనీసం మూడు రెట్లు పొడవు ఉన్న పోగులను లెక్కిస్తారు. బ్రిటన్ చట్టంలో నాలుగు గంటల సగటుగా, అమెరికాలో ఎనిమిది గంటల సగటుగా మిల్లీలీటరుకు 0.1 పోగు హద్దు. ఈ హద్దుకు దిగువన ఉంటే క్షేమమని అర్థం కాదు. ఇంతకంటే తక్కువైతే చాలు అనగల స్థాయి ఆస్బెస్టాస్‌కు ఇంతవరకు దొరకలేదు. కొలత పెరిగితే పని ఎక్కడో దుమ్ము రేపుతోందని తెలుస్తుంది, వెంటనే ఆపి కారణం వెతకాలి.

తవ్వకం అయిపోయాక గోతి అడుగు నుంచి, పక్కల నుంచి మట్టి నమూనాలు తీసి పరీక్షించాలి. ఫలితం వచ్చేదాకా పూడ్చకూడదు. అడుగున ఇంకా మిగిలి ఉండి అంతకంటే లోతుకు పోలేని పరిస్థితి అయితే, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వల పరిచి దానిపైన శుభ్రమైన మట్టి నింపాలి. తర్వాతెప్పుడో పునాది తవ్వేవారి పలుగుకు ఆ వల తగిలితే ఆగుతారు. ఆ చోటు, లోతు, కొలతలు ఉన్న పటాన్ని స్థలం పత్రాలతో కలిపి ఉంచాలి. అమ్మినప్పుడు కొన్నవారికి అందాలి.

పని చేసినవారి వివరాలు కూడా అంతే పదిలంగా ఉండాలి. ఎవరు, ఏ తేదీల్లో, ఎన్ని గంటలు, ఏ మాస్కుతో, గాలిలో ఎంత కొలతతో పని చేశారో రాసి, ఒక ప్రతి పనివాడి చేతికి ఇవ్వాలి. ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. వ్యాధి బయటపడే కాలాన్ని బట్టే ఆ గడువు పెట్టారు. రోజుకూలీకి వచ్చి పోయేవారికి అలాంటి రికార్డు రాసేవారు సాధారణంగా ఉండరు. ముప్పై ఏళ్ల తర్వాత ఆయాసంతో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఎప్పుడో ఏ మట్టి మోశారో చెప్పడానికి వారి దగ్గర ఉండేది ఆ ఒక్క కాగితమే.